రొమ్ము క్యాన్సర్ శస్త్రవైద్యుల పనిని ఆపరేషన్ల సంఖ్యతో కొలవకండి: ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

రొమ్ము క్యాన్సర్ శస్త్రవైద్యుల పదోన్నతులకు ఆపరేషన్ల సంఖ్యను ప్రధాన కొలమానంగా తీసుకోవద్దని మనవి. ఈ రంగాన్ని మలుపు తిప్పినవారు తక్కువ కోసినా సరిపోతుందని నిరూపించినవారే. 19వ శతాబ్దం చివర అమెరికా శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతిలో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కూడా తొలగించేవారు. దశాబ్దాల పాటు అదే ప్రమాణంగా చెలామణి అయింది. తానూ శస్త్రవైద్యుడే అయిన బెర్నార్డ్ ఫిషర్, తోటివారి వ్యతిరేకతకు వెరవకుండా 1976లో రోగులతో క్లినికల్ పరీక్ష (ట్రయల్) మొదలుపెట్టి, తొలిదశ రోగుల్లో రొమ్మంతా తొలగించకుండా గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుర్దాయం తగ్గదని 1985లో చూపారు. 20 ఏళ్ల పరిశీలన తర్వాత 2002లో వెలువడిన ఫలితాలూ దీన్నే బలపరిచాయి.

ఆపరేషన్‌కు ముందే కీమోథెరపీ అవసరమైన రోగిని మరో నిపుణుడి దగ్గరకు పంపడం, రొమ్మును నిలుపుకొనే వీలుందో లేదో దాపరికం లేకుండా చెప్పడం, నిర్ణయానికి ఆమెకు వ్యవధి ఇవ్వడం ఈ వృత్తిలో అసలు పని. అది ఏ రిజిస్టరులోనూ నమోదు కాదు. (రేడియేషన్ సదుపాయం అందుబాటులో లేనిచోట రొమ్మును కాపాడమనడం కూడా అన్యాయమే.) కాబట్టి అర్హులైన రోగుల్లో ఎందరికి రొమ్మును నిలిపారు, ఎందరికి మళ్లీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది, ఎన్ని కేసులను నిపుణుల బృందంతో చర్చించారు అన్నవి మూల్యాంకనంలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక శస్త్రవైద్యురాలు