ఆజంజాహి మిల్లు నక్షా మళ్ళీ గీయించండి

తెలంగాణ రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వరంగల్‌లో కనుమరుగైపోయిన ఆజంజాహి నూలు మిల్లు కట్టడం ఎలా ఉండేదో కొలతలతో సహా రాబట్టి, పూర్తి నక్షాగా, కంప్యూటర్ నమూనాగా భద్రపరిచే పనికి మీ శాఖ పూనుకోవాలని కోరుతున్నాను. మిల్లును మళ్ళీ కట్టమని అడగడం లేదు.

ఏడో నిజాం హయాంలో 1934లో మొదలైన ఈ మిల్లుకు ఆయన పెద్ద కొడుకు ఆజంజా పేరు పెట్టారు. 1974లో అది జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్ళింది, 2002లో మూతపడింది. షెడ్లు నేలమట్టమయ్యాయి, రెండు వందల ఎకరాలకు పైబడిన స్థలంలో చాలాభాగం ప్లాట్లయింది. ఉమ్మడి జిల్లాలోని రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వస్తే ఊరంతా పండగ చేసుకున్నాం. వేల కుటుంబాలకు అన్నం పెట్టిన మిల్లు కూడా మా చరిత్రే కదా!

నూలు మిల్లంటే నాలుగు గోడలు, పైన రేకులు అనుకుంటారు చాలామంది. గాలి పొడిబారితే దారం తెగుతుంది, కాబట్టి లోపల తేమ నిలవాలి. ఎండ సూటిగా పడకుండా వెలుతురు సమంగా రావాలి. అందుకే ఆ కాలపు మిల్లుల్లో కప్పును రంపం పళ్ళలా కట్టి, అద్దాలు ఉత్తరం వైపు పెట్టేవారు. దూది బేళ్ళు విప్పే బ్లోరూమ్ నుంచి దూదిని దువ్వే కార్డింగ్, నూలు వడికే స్పిన్నింగ్, బట్ట నేసే లూమ్ షెడ్ దాకా దూది నడిచే వరసను బట్టే షెడ్ల వరస ఉండేది. మా మిల్లులో ఇవన్నీ ఎక్కడెక్కడ, ఏ కొలతల్లో అమరాయో తేల్చాలి.

అది సాధ్యమే. అప్పటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కట్టడాల ప్లాన్లు ఫ్యాక్టరీల శాఖ ఆమోదానికి వెళ్ళాల్సి ఉండేది, ముందు ఆ ఫైళ్ళు వెతికించండి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ఉర్దూ దస్త్రాలు చదవగలవాళ్ళను కూర్చోబెట్టండి. పాత ఉపగ్రహ చిత్రాల్లో నీడ పొడవు, చిత్రం తీసిన తేదీ, వేళ తెలిస్తే కట్టడం ఎత్తు లెక్కగట్టొచ్చు. కార్మికుల ఇళ్ళల్లో గ్రూప్ ఫొటోలుంటాయి. అందులో మనుషుల వెనక కనిపించే గోడలో ఇటుక వరసలు లెక్కపెడితే కిటికీ ఎంత ఎత్తులో ఉండేదో తెలిసిపోతుంది.

అన్నిటికంటే విలువైనది కార్మికుల జ్ఞాపకం. మా వాడలో ఒక పెద్దాయన్ని లూమ్ షెడ్ గురించి అడిగితే, సుద్దముక్క తీసుకుని వరండా గచ్చు మీద స్తంభాలన్నీ గీశారు. తన సాంచాలు (మరమగ్గాలు) ఏ స్తంభం పక్కన ఉండేవో, మంచినీళ్ళ కుండ ఎటువైపో చూపించారు. మధ్యలో ఒక స్తంభం తప్పిందని చేత్తో తుడిచి మళ్ళీ వేశారు. మిల్లు మూతపడ్డప్పుడు యాభై ఏళ్ళున్నవాళ్ళు ఇప్పుడు డెబ్భై దాటారు. ఫైళ్ళ కోసం ఎదురుచూస్తూ వీళ్ళను పోగొట్టుకోవద్దు, రేపే వాళ్ళ దగ్గరికి మనుషుల్ని పంపండి.

ఇంకొక్క మాట. మిల్లు స్థలంలోనే జిల్లా కలెక్టరేట్‌కు చోటిచ్చారు. అక్కడ ఎప్పుడు తవ్వినా, బయటపడ్డ పాత పునాదుల్ని కొలిచి, ఫొటో తీశాకే పని సాగాలని ఉత్తర్వు ఇవ్వండి. నమూనా పూర్తయ్యాక దాన్ని ఆ కలెక్టరేట్‌లోనే, అర్జీలు పట్టుకుని వచ్చే జనానికి కనబడేలా పెట్టించండి.

ఇట్లు,
ఒక మిల్లు కార్మికుడి కొడుకు,
వరంగల్