రెండో గడ్డ అనగానే పాకిపోయింది అనుకోకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది కావలి. మా అమ్మకి తలలో రెండు గడ్డలు, రెండూ వేరే వేరే రకం, ఏదీ క్యాన్సర్ కాదు. ఈ ముక్క అర్థం కావడానికి మాకు నెల పైన పట్టింది, ఆ నెలంతా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు, అందుకే రాస్తున్నా.

మొదట ఫిట్స్ వచ్చాయి. నెల్లూరులో సీటీ తీస్తే మెదడు మీద పొరలో గడ్డ ఉంది, మెనింజియోమా అన్నారు, ఆడవాళ్ళకే ఎక్కువ వస్తదంట, చాలావరకు నెమ్మదిగా పెరిగే రకమేనంట. సరే ఆపరేషన్ చేయిద్దాం అని పినాకిని ఎక్కి మద్రాసు పోయాం. ఆడ మందు ఎక్కించి ఎంఆర్ఐ తీస్తే ఇంకోటి బయటపడింది, ముక్కు వెనక లోపలగా ఉండే పిట్యూటరీ గ్రంథిలో, అడినోమా అంట. అట్టాంటి చిన్నవి మామూలు సీటీలో దొరక్కపోవచ్చంట.

రిపోర్ట్ చేతికిచ్చారు గానీ కూర్చోబెట్టి చెప్పినోళ్ళు లేరు. ఊరికి రాగానే రెండోది కూడా ఉందంటే ఇంక పాకిపోయిందిలే అని చుట్టాలందరూ తేల్చేశారు, ఇప్పుడు కోతలెందుకు, ఉన్నన్నాళ్ళు నోటికి రుచిగా పెట్టండి అని మా పెద్దమ్మ ఒకటే ఏడుపు. మేమూ నమ్మాం. ఆపరేషన్‌కి ఇచ్చిన డేట్‌కి పోనే లేదు.

తర్వాత ఇంకో డాక్టర్ గారు అమ్మ కాళ్ళు చూసి మెట్టెలు ఏవమ్మా అని అడిగారు. రెండేళ్ళ కిందటే బిగుసుకుపోతే కంసాలి దగ్గర కోయించాం, చెప్పుల సైజు 6 నుంచి 8కి పోయింది, వయసుకి ఒళ్ళొచ్చింది అనుకున్నాం అంతే. అది ఒళ్ళు కాదంట, ఆ గ్రంథిలో గడ్డ గ్రోత్ హార్మోన్, అంటే ఒళ్ళు ఎదగడానికి పనికొచ్చే హార్మోన్, ఎక్కువ వదుల్తా ఉందంట, అందుకే వేళ్ళు, పాదాలు పెరిగాయంట. అంటే ఫిట్స్‌కి ముందునుంచే అది దాని పని అది చేసుకుంటా ఉంది. ఒకటి పొరలో పుట్టింది, ఒకటి గ్రంథిలో పుట్టింది, ఒకదాన్నుంచి ఇంకోటి రాలేదు. ఇట్టా రెండూ ఒకరికే రావడం అరుదు అన్నారు. 22వ క్రోమోజోమ్‌లో ఎన్ఎఫ్2 అనే జీన్ దెబ్బతిన్నవాళ్ళకి చెవి నరాల మీద, పొర మీద ఎక్కువ గడ్డలు వస్తాయంట, అందుకే చెవులు బాగా వినపడతాయా, ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా అని గుచ్చి గుచ్చి అడిగారు, మాకు అది కాదని చెప్పారు.

పొర మీద గడ్డ పుర్రె తెరిచి తీశారు, మూడు నెలలాగి రెండోది ముక్కులోంచి తీశారు. ఇప్పుడు అమ్మ తన పని తాను చేసుకుంటా ఉంది, హార్మోన్ టెస్టులకి మాత్రం పోతా ఉండాల.

పిట్యూటరీ గడ్డల్లో ప్రొలాక్టిన్ అనే పాలు పడే హార్మోన్ వదిలే రకం అయితే చాలామందికి కోత లేకుండా మాత్రలతోనే తగ్గుద్దంట. గడ్డ ఏ రకమో పేరు కూడా కనుక్కోకుండా మాలాగా ఆశ వదిలేసుకున్న ఇళ్ళు ఇంకెన్ని ఉన్నాయో. మీ ఆరోగ్యం పేజీలో డాక్టర్ల చేత దీని గురించి మామూలు తెలుగులో ఒక్కసారి రాయించండి సార్, ఉంగరాలు బిగుసుకోవడం, చెప్పుల సైజు పెరగడం, పక్కల చూపు తగ్గడం, ఈ గ్రంథి గడ్డకి ఇట్టాంటి గుర్తులు ఉంటాయని కూడా వేయించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, కావలి, నెల్లూరు జిల్లా