మన తెలుగు సంఘం వార్షిక నివేదిక, పర్లాకిమిడి

సభ్యులకు నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు నోటీసు బోర్డు మీద పెట్టాం. పిల్లల తెలుగు తరగతికి హాజరు తగ్గింది. ఆ సంగతి సర్వసభ్య సమావేశంలో తేల్చుకుందాం.

ఈ ఏడు ఎక్కువ పని పడింది ఆరోగ్య విభాగానికే. మే 10, ప్రపంచ లూపస్ దినం నాడు ఆడవాళ్ల కోసం సదస్సు పెట్టాం. లూపస్ అంటే ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి ఒంటి మీదికే తిరగబడే జబ్బు. ఎందుకో మీకు తెలిసిందే. వయసు పిల్ల ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే మన వీధుల్లో గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. అంతకుముందు నెలల తరబడి ఉన్న కీళ్ల నొప్పులూ, బుగ్గల మీది ఎర్రమచ్చలూ, రాలిన జుట్టూ ఎవరికీ గుర్తుండవు. అవి లూపస్ గుర్తులు కావచ్చు, ఆ పొంతన లేని మాటలు ఆ జబ్బు మెదడుకు పాకడం వల్ల కావచ్చు. లూపస్ రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లే.

డాక్టరమ్మ చెప్పింది రాలేనివారి కోసం రాస్తున్నాం. రోగక్రిములతో పోరాడడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలు ఈ జబ్బులో మన కణాల మీదికే వస్తాయి. డీఎన్‌ఏ మీదికి వచ్చేవాటిలో కొన్ని మెదడు కణాల మీద ఉండి జ్ఞాపకానికి పనికొచ్చే ఎన్‌ఎండీఏ గ్రాహకాలనూ పట్టుకుంటాయని న్యూయార్క్‌లో బెట్టీ డైమండ్ బృందం 2001లో చూపింది. అయితే రక్తంలో ఉంటే చాలు, మతి చెడుతుందా అని ఒకావిడ నిలదీశారు. లేదు. రక్తానికీ మెదడుకూ నడుమ ఒక అడ్డుగోడ ఉంది. ఎలుకల్లో బాక్టీరియా విషంతో దాన్ని సడలించాకే ఆ యాంటీబాడీలు లోపలికి పోయి జ్ఞాపకశక్తిని దెబ్బతీశాయి. కణాల పొరల్లో ఉండే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వుల మీదికి వచ్చే యాంటీబాడీల దారి వేరు: రక్తం గడ్డకట్టించి పక్షవాతం తెస్తాయి.

ఏ ఒక్క రక్తపరీక్షా మెదడు లూపస్‌ని తేల్చలేదు. మన వైపు జ్వరంతో మతి తప్పితే ముందు మలేరియా చూడాలి. ఈ జబ్బుకిచ్చే స్టెరాయిడ్ మాత్రల వల్ల కూడా మనసు తారుమారు కావచ్చు. అలాగని వాటిని ఉన్నపళాన మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. పెళ్లిచూపులకు ముందు మాత్రలు దాచేసే తల్లులు ఈ మాట రెండుసార్లు చదవాలి.

బరంపురం, విశాఖ ఆసుపత్రులకు వెళ్లేవారికి తోడు వెళ్లడానికి, ఒడియాలో ఉన్న కాగితాలు చదివి చెప్పడానికి కుర్రాళ్లు ముందుకొచ్చారు. ఎవరికి సాయపడ్డామో ఈ నివేదికలో రాయం, అడగొద్దు. దారిఖర్చుల నిధి మాత్రం అడుగంటింది. వచ్చే ఏడు చందా ఎంత పెంచాలో సమావేశంలో మీరే చెప్పాలి.

కార్యదర్శి