ఆ మహిళలకూ ఒక గోడ కావాలి

సంపాదకులకు,

మన బీచ్‌రోడ్డుకు వచ్చిన పిల్లలకు కురుసుర జలాంతర్గామినీ, 1971 విజయ స్మారకాన్నీ చూపించి యుద్ధం గురించి చెబుతాం. చెప్పాల్సిందే. ఆ యుద్ధాలు ఎలా ఆగుతాయో మాత్రం చెప్పం.

2003లో అంతర్యుద్ధంలో నలిగిపోతున్న పశ్చిమాఫ్రికా దేశం లైబీరియాలో శాంతి కావాలంటూ క్రైస్తవ, ముస్లిం మహిళలు తెల్లబట్టలు కట్టుకుని, చేపల మార్కెట్ దగ్గర ఎండనకా వాననకా కూర్చున్నారు. ఘనా రాజధాని అక్రాలో శాంతి చర్చలు సాగదీస్తుంటే హాలు గుమ్మాలకు అడ్డంగా బైఠాయించి, నాయకుల్ని బయటికి కదలనివ్వలేదు. ఆగస్టులో ఒప్పందం కుదిరింది. వాళ్లను నడిపించిన లేమా గ్బోవీకి 2011లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది. 2007లో ఐక్యరాజ్యసమితి తరఫున లైబీరియాకు వెళ్లిన తొలి పూర్తి మహిళా పోలీసు దళం మన సీఆర్‌పీఎఫ్‌దే. ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు?

శాంతి చర్చల్లో మహిళలకు చోటివ్వాలని భద్రతామండలి 2000లోనే 1325వ తీర్మానం చేసింది. అయినా చర్చలకు కూర్చునేది ఇప్పటికీ ఎక్కువగా మగవాళ్లే. (ఊరు కాలిపోయాక బియ్యం, నీళ్లు, పిల్లల బడి చూసుకునేది ఎవరో వేరే చెప్పాలా?)

డిసెంబరు 4 నేవీ డే నాటికి బీచ్‌రోడ్డు మ్యూజియంలో ఈ మహిళల కోసం ఒక్క గోడైనా కేటాయించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం