వెబ్ డిజైన్ కోర్సులో నేర్పని పాఠాలు, నా పేరున లేని డొమైన్: శిక్షణా సంస్థకు ఫిర్యాదు

విశాఖపట్నం,
అక్టోబరు 6.

నిర్వాహకులు గారికి,
కంప్యూటర్ శిక్షణా సంస్థ, ద్వారకానగర్ శాఖ.

విషయం: వెబ్ డిజైన్ బేసిక్స్ కోర్సు, సాయంత్రం 6 గంటల బ్యాచ్.

అయ్యా,

నేను అక్కయ్యపాలెంలో ఇంటి దగ్గరే మగ్గం వర్క్ చేస్తాను. పదకొండేళ్లుగా ఇదే నా జీవనం. జూన్ 10న మీ దగ్గర 18,500 రూపాయలు కట్టి మూడు నెలల కోర్సులో చేరాను. రసీదు, అప్పుడు మీరిచ్చిన కరపత్రం ఈ లేఖకు జతచేశాను. వెబ్ పేజీలు రాసే కోడ్ భాషలైన హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ మొదటి నుంచి నేర్పుతామని, కోర్సు పూర్తయ్యేలోగా ఎవరి పోర్ట్‌ఫోలియో సైటు, అంటే తమ పనుల నమూనాలు చూపే సైటు, వాళ్లే తయారు చేసుకుంటారని అందులో ఉంది. ఆ రెండు మాటలు నమ్మే చేరాను.

సైటు నాకు సరదా కాదు. నా పనిలో సగం ఎంవీపీ కాలనీ, సీతమ్మధార బొటీకుల నుంచి వస్తుంది. బ్లౌజు వెనక మెడ మీద నెమలిని నాలుగు రోజులు కూర్చుని నేను కుడితే, పెళ్లికూతురికి తెలిసేది బొటీకు పేరు. నేరుగా అడిగేవాళ్లకు వాట్సాప్‌లో ఫొటోలు పంపుతాను. అందులో ఫొటో నాణ్యత తగ్గిపోయి జర్దోసీకీ పూసకూ తేడా తెలియదు. దగ్గరగా చూస్తేనే కదా చేతిపని తెలిసేది! అందుకని చేరకముందే ఒక నోటుబుక్కులో అంతా రాసుకున్నాను. ఫోనులో ఉన్న 300 ఫొటోల్లోంచి 14 మాత్రమే పెట్టాలి. చేసినవన్నీ కాదు, ఇకముందు ఏ పని రావాలని కోరుకుంటున్నానో అవే. ఒక్కోదాని కింద ఏ బట్ట, ఎన్ని రోజులు పట్టింది, రేటు ఎంత నుంచి మొదలు అని రెండు వాక్యాలు. మొత్తం మూడు పేజీలు. ఆ నోటుబుక్కు మొదటి రోజే మీ ఫ్యాకల్టీ గారి ముందు పెట్టాను. ఆయన తెరిచి చూడలేదు.

36 క్లాసుల్లో కోడ్ కనిపించింది రెండు రోజులు. మిగతా రోజులన్నీ రెడీమేడ్ టెంప్లేటు తెరిచి, పేర్లు మార్చి, బొమ్మలు లాగి పెట్టించారు. ఆ టెంప్లేటు ఏదో ఆఫీసు కోసం చేసినది. 'మా టీమ్' అని ఆరుగురు విదేశీయుల ఫొటోలు, 'కస్టమర్ల మాట' అని ఎవరూ అనని పొగడ్తలు ఉన్నాయి. నేను ఒక్కదాన్నే పనిచేస్తాను, ఎవరూ అనని మాట నా సైటులో ఉండకూడదు, అవి తీసేయమని అడిగాను. తీస్తే డిజైన్ చెదురుతుందన్నారు. ఎందుకు చెదురుతుందని అడిగితే, "అమ్మా, ఇప్పుడు కోడ్ ఎవరూ రాయట్లేదు, అదంతా మీకెందుకు?" అన్నారు.

ఎందుకో చెబుతాను. మగ్గం నేర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చే అమ్మాయిలతో ముందు ట్రేసింగ్ చేయిస్తాను. గీత కుదిరాకే దారం, రంగు. హెచ్‌టీఎంఎల్ ఆ గీత లాంటిది: ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బొమ్మ అని చెబుతుంది. దారమూ రంగూ సీఎస్‌ఎస్ పని. రూపం సంగతి విడిగా చూసుకోవడానికే 1994లో హాకోన్ వియుమ్ లీ సీఎస్‌ఎస్‌ను ప్రతిపాదించారు, 1996లో అది ప్రమాణంగా వచ్చింది. కోర్సు అయ్యాక ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్ల ఉచిత పాఠాలు, మా ఆడపడుచు కూతురి సాయంతో చదువుకుని ఇదంతా తెలుసుకున్నాను. మొదటి క్లాసులో పది నిమిషాల్లో చెప్పగలిగిన సంగతి ఇది. మీ ల్యాబులో పనిచేసే అమ్మాయి ఒకరోజు బ్రౌజర్‌లో 'ఇన్‌స్పెక్ట్' తెరిచి, ఏ పేజీ వెనకైనా ఏముందో ఎలా చూడాలో చూపించింది. మూడు నెలల్లో నాకు దక్కిన అసలైన పాఠం అదే. దయచేసి ఈ లేఖ వల్ల ఆమెను ఏమీ అనకండి.

అన్నిటికన్నా బాధ కలిగించింది తెలుగు విషయం. నా కస్టమర్లు ఎక్కువమంది తెలుగే చదువుతారు. 'నా గురించి' పేజీని మీ ఫ్యాకల్టీ గారు డీటీపీ పనికి, అంటే అచ్చు పేజీలు తయారు చేయడానికి, వాడే పాత ఫాంటులో టైపు చేసి పెట్టారు. ల్యాబు కంప్యూటర్‌లో చక్కగా కనిపించింది. ఇంటికి వచ్చి ఫోనులో చూస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉన్నాయి. గాజువాక నుంచి ఒక కస్టమరు ఫోను చేసి, "అక్కా, నా ఫోను పాడైందా?" అని అడిగింది. ఆ ఫాంటు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టి నడుస్తుంది. ఫాంటు లేని చోట ఆ మారువేషం తొలగిపోతుంది. అన్ని భాషల అక్షరాలకూ విడి సంఖ్యలిచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 128 స్థానాలు విడిగా కేటాయించి ఉన్నాయి. ఏ ఫోనులోనైనా తెలుగు కీబోర్డుతో టైపు చేస్తే వచ్చేది అదే. మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఈ సంగతి అడిగితే, ఆయన పేరాలన్నీ బొమ్మలుగా మార్చి పెట్టారు. అలా పెడితే మగ్గం వర్క్ కోసం తెలుగులో వెతికేవాళ్లకు నా మాటలు దొరకవు, చూపు లేనివాళ్లకు ఫోను ఆ పేజీ సరిగ్గా చదివి వినిపించలేదు. చివరికి నేనే యూనికోడ్‌లో టైపు చేసి పెట్టాను. అప్పుడు టెంప్లేటులో లైన్ల మధ్య ఎడం చాలక 'స్త్రీ', 'లక్ష్మి' వంటి మాటల ఒత్తులు కింది లైను గుడులకు తగిలాయి. సీఎస్‌ఎస్‌లో లైన్ హైట్ 1.1 ఉన్నదాన్ని 1.7 చేస్తే సరిపోయింది. ఒక్క అంకె! తెలుగు ఊళ్లో తెలుగువాళ్లకు నేర్పుతూ ఈ ఒక్క విషయం కోర్సులో లేకపోవడం నాకు మింగుడు పడలేదు.

ఫొటోల సంగతీ అంతే. ఒక్కోటి 5 ఎంబీ ఉన్నవి 14 అలాగే పెట్టించారు. డేటా మీద ఫోనులో తెరిచేవాళ్లకు అది 70 ఎంబీల పేజీ. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫొటో ఫార్మాట్‌లోకి మారిస్తే, కుట్టు స్పష్టత నా కంటికి తగ్గలేదు, పేజీ వెంటనే తెరుచుకుంది.

ఇక డొమైన్, అంటే సైటు చిరునామా. దీనికోసం నా దగ్గర విడిగా 1,100 రూపాయలు తీసుకుని ఆగస్టు 2న కొన్నారు. నా పేరుతో ఉన్న ఆ చిరునామా యజమానిగా, డొమైన్లు నమోదు చేసే రిజిస్ట్రార్ కంపెనీ దగ్గర మీ సంస్థ పేరుంది. విజిటింగ్ కార్డుల మీద నేను ఆ చిరునామా అచ్చువేయించాను. వచ్చే ఏడాది మీరు రెన్యువల్ కట్టకపోతే అది నాకు దక్కదు. బదిలీ అడిగితే, 60 రోజుల దాకా మార్చలేమని కౌంటర్‌లో చెప్పారు. డాట్ కామ్ పేరును కొత్తగా కొన్నాక వేరే రిజిస్ట్రార్‌కు తరలించడానికి ఆ నిబంధన ఉన్నమాట నిజమే. ఆ గడువు అక్టోబరు 1తో తీరింది. మొన్న మళ్లీ వచ్చి అడిగితే, ఏడాదికి 4,000 చొప్పున మెయింటెనెన్స్ ప్యాకేజీ తీసుకుంటేనే ఇస్తామన్నారు. ఈ షరతు కరపత్రంలో లేదు, రసీదు మీదా లేదు.

నేను కోరేది ఇదీ. డొమైన్ బదిలీకి కావలసిన ఆథరైజేషన్ కోడ్ ఇచ్చి, యజమానిగా నా పేరు పెట్టించండి. మీ సర్వర్‌లో ఉన్న నా ఫొటోలు, రాతలు అన్నీ నాకు అప్పగించి, అక్కడి కాపీ తీసేయండి. నేర్పని భాగానికి ఫీజులో సగం, 9,250 రూపాయలు, వెనక్కి ఇవ్వండి. డబ్బు ఇవ్వడం కష్టమనుకుంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ క్లాసులు కోడ్ తెలిసినవారితో మళ్లీ చెప్పించండి. నాతోపాటు ఆ బ్యాచ్‌లో ఉన్న తొమ్మిదిమందికీ. వాళ్లలో ఇద్దరు ఈ కోర్సు చూపించి ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకుంటున్నారు. ఇంటర్వ్యూలో ఒక చిన్న పేజీ రాయమంటే ఏం చేస్తారో అని నాకు నిజంగా దిగులుగా ఉంది.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయిస్తాను, ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు విలువకు అక్కడ ఫిర్యాదు రుసుము లేదు.

డొమైన్ వివరాలు పంపాల్సిన ఈమెయిల్ చిరునామా రసీదు నకలు వెనక రాశాను.

ఇట్లు,
సాయంత్రం 6 గంటల బ్యాచ్ విద్యార్థిని,
అక్కయ్యపాలెం.

జతచేసినవి: రసీదు నకలు, కరపత్రం, పేజీ ఫోనులో ఎలా కనిపించిందో చూపే స్క్రీన్‌షాట్లు మూడు.