డైనింగ్ టేబుల్ మీది పరిశోధనకూ నిధులివ్వండి

పరిశోధన నిధులు మంజూరు చేసే అధికారి గారికి,

నమస్కారం. రెండు మూడేళ్లలో మందు చూపించాలన్న షరతు పెట్టి, వెంటనే ఫలితం చూపించలేని పరిశోధనలను పక్కన పెట్టొద్దని వేడుకుంటున్నాను.

అమెరికా శాస్త్రవేత్త జానెట్ రౌలీ గారు నలుగురు పిల్లల్ని పెంచుతూ చాలా ఏళ్లు పార్ట్ టైమ్‌గానే పనిచేశారు. క్రోమోజోముల (మన కణాల్లో జన్యువులను మోసే పోగుల) ఫొటోలను కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించి, ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద జతలుగా పేర్చేవారు. ఎవరైనా తుమ్మితే చెదిరిపోయే ముక్కలవి! అలా చూస్తూ చూస్తూనే 1973లో అసలు సంగతి పట్టుకున్నారు: ఒక రకం రక్త క్యాన్సర్‌లో 22వ క్రోమోజోము నుంచి తెగిన ముక్క మాయమైపోలేదు, 9వ దానికి అతుక్కుంది. ఆ మార్పిడి వల్ల పుట్టి ఈ క్యాన్సర్‌ను పెంచే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ మాత్రకు అమెరికాలో ఆమోదం వచ్చింది 2001లో. మధ్యలో 28 ఏళ్లు!

రెండు మూడేళ్లలో మందు చూపించమని అడిగితే ఆవిడ ఏం చూపించేవారండీ? దయచేసి ఆ గడువు షరతు తీసేయండి.

ఇట్లు,
ఒక రోగి కుటుంబ సభ్యురాలు