పంపు విప్పించే ముందు

చిన్నా,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. వారంలో మూడుసార్లు లారీ నడుస్తూ నడుస్తూ ఆగిపోయిందన్నావు. డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్పించినా మళ్లీ అదే వరస అన్నావు. ఇక లాభం లేదు, ఇంజన్‌కు ఒత్తిడితో డీజిల్ అందించే పెద్ద పంపు విప్పించేస్తానన్నావు. ఆ చివరి మాటకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే సగం గుర్తుండదు. కాగితం మీద ఉంటే క్యాబిన్లో పెట్టుకుంటావు, మళ్లీ ఆగినప్పుడు తీసి చూసుకుంటావు.

ముందు నీ సంగతి చెప్పి తర్వాత బండి సంగతికి వస్తాను. ఇంజన్ ఆగగానే స్టీరింగ్ బరువెక్కుతుంది. తిరుగుతుంది, కానీ రెండు చేతులా బలం పెట్టాలి. బ్రేకులకు గాలి నింపే ఎయిర్ కంప్రెసర్ కూడా ఇంజన్‌తోపాటే ఆగిపోతుంది కాబట్టి ట్యాంకుల్లో మిగిలిన గాలితోనే నువ్వు బండిని నిలపాలి. కంగారులో బ్రేకు తొక్కి వదిలి, తొక్కి వదిలి చేయకు, ఉన్న గాలి అయిపోతుంది. ఒకేసారి నిలకడగా తొక్కు. గాలి 60 పిఎస్ఐ దగ్గరికి దిగితే బజర్ మోగుతుంది. ఇంకా దిగితే వెనక స్ప్రింగు బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి, బండి నడిరోడ్డు మీదున్నా ఇక కదలదు. అందుకని వేగం ఉండగానే పక్కకు లాగెయ్. బండి కదులుతుండగా తాళం మాత్రం బయటికి లాగకు, స్టీరింగ్ లాక్ పడితే నీ చేతిలో ఏమీ ఉండదు. నాలుగు ఇండికేటర్లూ వేసి, త్రికోణం బోర్డు బాగా వెనక పెట్టు. మలుపు దాటి ఆగితే బోర్డు మలుపుకు ముందే ఉండాలి, మలుపు తిరిగాక కనిపిస్తే వెనక వచ్చేవాడికి లాభం లేదు. ఇవన్నీ అయ్యాకే క్యాబిన్ ఎత్తు. రాత్రిపూట రోడ్డు వైపు నిలబడి పని చేయొద్దు. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

ఇక బండి. "ఎలా ఆగింది?" అని నేను అడిగితే "ఆగిపోయింది నాన్నా, అంతే" అన్నావు. రోగమంతా ఆ "ఎలా"లోనే ఉంటుంది చిన్నా.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదని నీకు తెలుసు. గాలిని 16వ వంతుకో, 18వ వంతుకో అణిస్తే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆ కంప్రెషన్ ఉన్నట్టుండి పోయి, పావుగంటకు తిరిగి రాదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే ముందు నల్లపొగ వస్తుంది, పికప్ తగ్గుతుంది, రోజుల ముందే తెలుస్తుంది. కాబట్టి బాగా నడుస్తున్న బండి ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్టయిందంటే నాకు రెండే అనుమానాలు. డీజిల్ అందలేదు, లేదా డీజిల్ వదలమని చెప్పే కరెంటు తెగింది.

తాళం తిప్పి ఆపినట్టు ఒక్కసారిగా, జర్కు కూడా లేకుండా ఆగితే నేను ముందు కరెంటు వైపు చూస్తాను. జర్కులు కొట్టి, రేస్ ఇచ్చినా ఎక్కక, ఊపిరాడని మనిషిలా కొట్టుకుని ఆగితే డీజిల్ వైపు వెళ్తాను. మళ్లీ ఆగబోతున్నప్పుడు రోడ్డు ఖాళీగా ఉంటేనే ఒక్క చూపు ఇంజన్ తిరిగే వేగం చూపే ఆర్‌పిఎం ముల్లు మీద వెయ్యి. బండి గేర్లో ఉండి చక్రాలే ఇంజన్‌ను తిప్పుతున్నా ముల్లు టక్కున సున్నాకు పడిపోయిందా? అయితే ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్‌నో, దాని వైరునో, ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కు వెళ్లే కరెంటునో అనుమానించాలి. ముల్లు బండి వేగంతోపాటు మెల్లగా దిగితే సెన్సర్ తన పని తాను చేస్తున్నట్టే.

ఆయిల్ లైటు సంగతి కూడా చెప్పాలి. ఇంజన్ ఆగాక అది ఎలాగూ వెలుగుతుంది. ఆగకముందే వెలిగిందా అన్నది గమనించు. కొన్ని ఇంజన్లు ఆయిల్ ప్రెషర్ పడిపోయినా, వేడి మితిమీరినా, కూలెంట్ తగ్గినా తమంతట తామే ఆగిపోతాయి. అది రోగం కాదు, కాపలా. అలాంటప్పుడు ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ చూడకుండా సెల్ఫ్ కొట్టకు, వేడి మీద రేడియేటర్ మూత తీయకు.

తిరిగి ఎంతసేపటికి స్టార్టయింది అన్నది నా రెండో ప్రశ్న. వెంటనే అయితే ఎక్కడో లూజ్ కనెక్షన్ ఉందేమో చూడాలి. ఇంజన్ బాగా చల్లారేదాకా కాకపోతే, వేడెక్కితే మొరాయించే వస్తువు ఏదో ఉంది. క్రాంక్ సెన్సర్ కావచ్చు, పాత బండ్లలో కరెంటుతో పనిచేస్తూ డీజిల్ ఆపే సోలనాయిడ్ కావచ్చు. డీజిల్ లైనులో ఉండే చేతిపంపు కొట్టి ఎయిర్ తీస్తే తప్ప కాకపోతే లైనులో గాలి దూరుతోంది. నువ్వు మాత్రం, ఏమీ ముట్టుకోకుండా పావుగంట ఆగి కొడితే అయిందన్నావు. అది వినగానే నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది.

నీ వయసులో నా దగ్గరికి ఒక లారీ ఇలాగే వచ్చింది. ఎత్తు ఎక్కేటప్పుడు కొట్టుకుని ఆగేది, కాసేపటికి ఏమీ జరగనట్టు స్టార్టయ్యేది. ఫిల్టర్లు మార్చాను. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మార్చాను. చివరికి పెద్ద పంపు విప్పి, టెస్టింగ్‌కు పంపి, తెచ్చి బిగించాను. మర్నాడు బండి మళ్లీ ఆగింది. ఆ ఓనరు నన్ను ఒక్క మాట అనలేదు, టైరు పక్కన కూర్చుని చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. అది నేను ఇప్పటికీ మరిచిపోలేదు. నాకు పని నేర్పిన పెద్దాయన వచ్చి, ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, శుభ్రమైన డీజిల్ ఉన్న క్యానులో పెట్టాడు. మిగిలిన డీజిల్ వెనక్కి తెచ్చే రిటర్న్ పైపునూ అందులోనే పెట్టాడు. క్యాను కదలకుండా కట్టి, అదే ఎత్తు మీద నాలుగుసార్లు తిప్పించాడు. ఒక్కసారి ఆగలేదు. అప్పుడు ట్యాంకు దించి కడిగితే అడుగున పల్చటి ప్లాస్టిక్ బిళ్ల దొరికింది, ఏదో డబ్బా మూత కింద ఉండే సీలు. లోడు మీద ఇంజన్ గట్టిగా లాగినప్పుడు అది పైకి లేచి, ట్యాంకులోంచి డీజిల్ లాగే సక్షన్ పైపు మూతికి అతుక్కునేది. ఇంజన్ ఆగి, లాగే బలం పోయాక కిందికి జారిపోయేది. పావుగంటలో బండి బాగుపడినట్టు కనిపించడం వెనక ఉన్నదంతా ఇదే.

నీ బండిలో బిళ్లే ఉందని నేను అనను. కానీ ట్యాంకు నుంచి మొదలుపెట్టు, పంపు నుంచి కాదు. ఈసారి ఆగితే, బండిని పక్కన పెట్టాక మొట్టమొదట ట్యాంకు మూత తిప్పు. లోపలికి గాలి పీల్చుకుంటున్న శబ్దం గట్టిగా వచ్చి, వెంటనే బండి స్టార్టయితే, మూతలో గాలి రంధ్రం మూసుకుపోయి ట్యాంకులో వాక్యూమ్ పట్టిందన్నమాట. మూడుసార్లూ ట్యాంకులో డీజిల్ ఎంత ఉందో కూడా గుర్తు తెచ్చుకో. ప్రతిసారీ పావు ట్యాంకు దగ్గరే ఆగుతుంటే లోపలి సక్షన్ పైపుకు ఆ ఎత్తులో చిల్లు పడి ఉండొచ్చు. డీజిల్ దానికన్నా కిందికి దిగగానే పైపు గాలి లాగుతుంది.

గాలి లాగే లీకును కళ్లతో పట్టుకోవడం కష్టం. ఎందుకంటే సక్షన్ వైపు లీకయితే ఇంజన్ నడుస్తున్నప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. పైపంతా పొడిగా ఉందని మోసపోకు. ఫీడ్ పంపుకు ముందు ఒక మూర పారదర్శకమైన పైపు పెట్టించి నడిపితే బుడగలు కనబడతాయి. నాలుగు బుడగలు మొదట్లో వచ్చి ఆగిపోతే పర్వాలేదు, ఆగకుండా వస్తుంటే వెనక్కి వెతుక్కుంటూ పో: క్లిప్పులు, రాగి వాషర్లు, ఫిల్టర్ రబ్బరు రింగు. ఫిల్టర్లు మార్చాక సమస్య ఎక్కువైందా? కొత్త ఫిల్టరుకు పాత రింగే వేశారేమో అడుగు. రబ్బరు పైపులు పైకి బాగున్నా లోపలి పొర ఊడి, లాగినప్పుడు తలుపులా మూసుకుంటుంది. అనుమానం ఉన్న పైపును మార్చేయడమే మంచిది.

ఆ మార్చిన పాత ఫిల్టర్లు పారేశావా? పారేయకపోతే కోయించి, కాగితాన్ని వెలుతురులో పరిచి చూడు. నల్లటి జిగురు ఉంటే ట్యాంకులో నీరు చేరి నాచులాంటిది పెరుగుతుండొచ్చు. మెరిసే లోహపు పొడి ఉంటేనే నీ పంపు మాట నేను వింటాను. డీజిల్‌లో నీటిని వేరుచేసే వాటర్ సెపరేటర్ అడుగు నుంచి గాజు సీసాలోకి కొంచెం వదిలి కదపకుండా పెట్టు, నీళ్లుంటే అడుగున వేరుగా పేరుకుంటాయి.

ఇప్పుడు రాసేది రెండుసార్లు చదువు. నీది కామన్ రైల్ ఇంజన్, అంటే అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టంలో డీజిల్‌ను గట్టి ఒత్తిడితో నిలవ ఉంచి పంపేది. లోడు మీద దాని పైపుల్లో 1600 బార్, కొన్ని ఇంజన్లలో 2000 బార్ పైన కూడా ప్రెషర్ ఉంటుంది. నేను పాత బండ్లలో ఇంజన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్లు వదులు చేసి చూసేవాణ్ని. నన్ను చూసి నువ్వు ఆ పని ఎప్పటికీ చేయకు. సన్నటి లీకు కోసం వేలు పెట్టి తడమకు. ఆ ధార చేతి తొడుగును, చర్మాన్ని దాటి కండలోకి పోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్కే ఉంటుంది, మొదట్లో నొప్పి కూడా తెలియకపోవచ్చు, అయినా చెయ్యి పోయే ప్రమాదం. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా ఆ నిమిషమే ఆసుపత్రికి పో, హై ప్రెషర్ డీజిల్ ఒంట్లోకి పోయిందని డాక్టరుకు చెప్పు. అలాగే కొత్త ఫిల్టరును బయటి డీజిల్‌తో నింపి బిగించనివ్వకు, ఆ మురికి నేరుగా సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలోకి పోతుంది. ఖాళీది బిగించి చేతిపంపుతోనే నింపాలి.

డీజిల్ వైపు ఏమీ దొరక్కపోతే కరెంటు. బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ వైరు, మెయిన్ రిలే, ఫ్యూజులు. క్యాబిన్ ఎత్తి దించేచోట వైరింగ్ మడతపడి లోపల తెగుతుంది, అక్కడ తప్పకుండా చూడమను. లోడు లేనప్పుడు మీటరులో ఓల్టేజ్ సరిగ్గా చూపించినంత మాత్రాన నమ్మొద్దు. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ బాడీకీ మధ్య చూడమను, అర ఓల్టు దాటితే ఎర్త్ బాగాలేదు. ఇంజన్ స్లోలో నడుస్తుండగా ఒక్కో కనెక్టరును కదిపి చూస్తే కొన్నిసార్లు అక్కడికక్కడే ఆగి దొరికిపోతుంది.

స్కానర్ పెట్టించు, కానీ కంప్యూటర్ నమోదు చేసిన తప్పుల కోడ్‌లు రాసుకోకుండా తుడవనివ్వకు. కంప్యూటర్ అడిగిన రైల్ ప్రెషర్ ఎంత, వచ్చింది ఎంత అని అడుగు. వచ్చింది తక్కువగా ఉంటే "పంపు పోయింది" అని వెంటనే అంటారు. పంపుకు డీజిల్ సరిగ్గా అందుతోందని తేల్చి చూపించమను. ఇంజెక్టర్ల రిటర్న్ కూడా కొలవమను, అవి ఎక్కువగా వదిలేస్తుంటే ఎంత మంచి పంపైనా ప్రెషర్ నిలపలేదు. ఇవన్నీ బాగున్నాయని తేలాక పంపు విప్పితే నాకు అభ్యంతరం లేదు.

అప్పటిదాకా లోడు ఎత్తకు. ట్రిప్పు పోతే పోనీ, బరువుతో దిగుడులో ఆగిపోతే ఏమవుతుందో తలుచుకుంటేనే నా గుండె ఆగినంత పనవుతోంది. రేపు ఉదయం ట్యాంకు మూత చూసి, మూడుసార్లూ ఎలా ఆగిందో, డీజిల్ ఎంత ఉందో, ఎంతసేపటికి స్టార్టయిందో ఒక కాగితం మీద రాసి, ఫోన్ చెయ్యి. నేను పొద్దున్నే లేచి ఫోన్ దగ్గరే ఉంటాను.

మీ నాన్న